మకాము దీపము



గుడిలోని అఖండదీపమునకు గర్భాలయపు గోడలు రక్ష. ఇంటి దీపమునకు గోడలోని గూడు రక్ష. బాటసారి దీపమునకు ఈ రెండును లేవు. అది గాలికి నిలువవలెను. బండి కుదుపులకు ఓర్వవలెను. ప్రొద్దున మూటలో కట్టబడి, సాయంకాలము మరియొక చెట్టు క్రింద వెలుగవలెను. గూడుబండిలోను, డేరాలోను, చక్రములపై సాగు గుడారములోను వెలుగు ఇట్టి దీపమును నేను మకాము దీపమని వ్యవహరించుచున్నాను. దాని చరిత్రను, అది ఆరిపోయినపుడు దోషమును కనుగొను క్రమమును నేడు మీకు మనవి చేసెదను.

చరిత్రతో చికిత్సను ఏల ముడిపెట్టితినని మీరడుగవచ్చును. ఈ రెండు వందల యేండ్లలో చమురు మారినది, వత్తి మారినది, కడకు వత్తియే లేని దీపము వచ్చినది. కాని దీపమునకు చేటు వచ్చు చోటు మాత్రము మారలేదు. మకాము దీపము తరచుగా కలిసెడు చోట, వంగెడు చోట, కీలు చోట ఆరును. ఆ చోటును ఓపికతో వెదకువానికి చీకటి కొలది నిమిషములే. వెదకక ఊహించువానికి రాత్రియంతయు చీకటియే. ఈ మాటను రుజువు చేయుటయే నా ప్రసంగ ప్రయోజనము.

మన ఖమ్మము సీమనుండి భద్రాద్రికి పోవు బాట ఇట్టి దీపములకు తగిన పరీక్షాస్థలము. డోర్నకల్లు వద్ద చీలిన రైలుమార్గము కొత్తగూడెమునకు వచ్చును. ఆ స్టేషనునకు భద్రాచలం రోడ్డని పేరే కాని, భద్రాచలము అచ్చటినుండి సుమారు 40 కిలోమీటర్ల దూరమున గోదావరి ఆవలి యొడ్డున నున్నది. నడుమ పాల్వంచ అడవి. 1860లో నిజాము ప్రభువు భద్రాచలము తాలూకాను ఆంగ్లేయుల కప్పగించినది మొదలు, 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరువరకు, నదికి ఈ యొడ్డు ఒక ప్రభుత్వముక్రిందను, ఆ యొడ్డు మరియొక ప్రభుత్వముక్రిందను నుండెను. 1965లో వంతెన ఏర్పడువరకు యాత్రికులు ఈవలి యొడ్డునకు చేరి, పడవలపై నదిని దాటి, శ్రీరామనవమికిని, ముక్కోటి ఏకాదశికిని స్వామిని సేవించుచుండిరి.

పడవ తెల్లవారిన గాని దొరకదు. అందువలన రాత్రి మకాము తప్పదు. గూడుబండ్లను గుండ్రముగ నిలిపి, ఎడ్లను లోపల కట్టి, నడుమ నెగడు వేసికొనుట అడవిబాటలో వాడుక. నెగడు జంతువులను తొలగించును. కాని పసిబిడ్డకు పాలు పట్టుటకు, మజ్జిగముంత వెదకుటకు, త్రోవలో తేలు కనబడుటకు చేతిలో దీపము వేరుగా కావలెను. మకాము దీపము ఒక సౌఖ్యము కాదు. అది కుటుంబమునకు కావలి.

ఆ దీపమునకు తొలుత చమురు చెట్టునుండియే వచ్చినది. తెలంగాణపు చెలకలలో ఆముదము పండును. కానుగ గింజలు గట్లపై దొరకును. అడవిలోని కోయవారు ఇప్పగింజలనుండి నూనె తీసి దీపమునకు వాడుచుండిరి. ఈ చమురులు చిక్కనివి, నెమ్మదిగ మండును. ప్రయాణమున వాటికి రెండు చిక్కులు. ప్రమిద ఒరిగిన నూనె ఒలుకును. గాలి వీచిన మంట ఆరును. అందుచేతనే బాటపై దివిటీయు, కాగడాయు వాడిరి. గుడ్డపేలికలు గట్టిగా చుట్టిన దివిటీకి నూనె పోయుటకు వేరొక మనిషి వెంట నడువవలెను. వెలుగు మోయువాడొకడు, చమురు మోయువాడొకడు!

1859వ సంవత్సరము దీపచరిత్రలో మిక్కిలి వింతయైనది. ఆ యేట అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేకు అనునతడు బావి త్రవ్వి భూమినుండి చమురు తీసెను. ఆ యేటనే ఫ్రాన్సుదేశమున ప్లాంటే అనునతడు సీసపు రేకులను ఆమ్లజలమున నుంచి, మరల మరల విద్యుత్తు నింపుకొను బ్యాటరీని నిర్మించెను. ఒకరి కృషివలన కిరసనాయిలు లోకమంతట వ్యాపించినది. రెండవవారి కృషి మోటారు వాహనముల యెదలో నేటికిని పనిచేయుచున్నది. ఒకే యేట పుట్టిన యీ యిద్దరు అన్నదమ్ములు నూరేండ్లు మకాము దీపమునకై పోటీపడిరి.

మొదట గెలిచినది కిరసనాయిలు. దానికి తోడు హరికేన్ లాంతరు వచ్చెను. అది చూచుటకు సామాన్యమైన రేకు పనియే కాని, దాని యందు గొప్ప యుక్తి కలదు. ఇరుప్రక్కల నున్న గొట్టములు గాలిని నేరుగా మంటపైకి పోనీయక, చుట్టు త్రిప్పి అడుగునుండి అందించును. అందువలన పెనుగాలిలోను మంట నిలుచును. బండివారు దానిని బండి క్రింద ఇరుసునకు వ్రేలాడదీసిరి. అచ్చట నున్న వెలుగు ఎడ్ల కన్నులను మిరుమిట్లు గొలుపదు. గిట్టల ముందరి గోతిని చూపును. వెనుక వచ్చు బండికి తన ఉనికి తెలుపును. ఈ మూడవ ప్రయోజనమును మీరు గుర్తుంచుకొనుడు. కడపట దానితో మనకు పని కలదు.

లాంతరు మసకబారినపుడు మన యిండ్లలోని పెద్దలు ఏమి చేసిరి? మొదట అడుగు పట్టి కుదిపి చమురున్నదో లేదో చూచిరి. తరువాత వత్తి మొన చూచిరి. వంకరగా మాడినచో సరిగ కత్తిరించిరి. పిదప బర్నరు రంధ్రములలోని మసిని, పురుగులను దులిపిరి. తుదకు ముగ్గుపొడితో గాజుబుడ్డి తుడిచిరి. చమురు, వత్తి, రంధ్రము, గాజు — ఇది మూలమునుండి వెలుగువరకు సాగు క్రమము. ఈ క్రమమును వారికెవ్వరును గ్రంథమునుండి నేర్పలేదు. ప్రతి సంధ్యయు నేర్పినది.

ఆ పిదప వచ్చినది మనము గ్యాసులైటని పిలుచు పెట్రోమాక్స్. 1885లో ఆస్ట్రియా దేశీయుడైన ఔయర్ అను రసాయనవేత్త, లోహలవణములలో ముంచిన నూలు వలను మంటపై నుంచినచో అది తెల్లని కాంతి నిచ్చునని కనుగొనెను. ఆ వలయే మాంటిలు. దానికి ముఖ్యమైన థోరియము మన దేశములోనే కలదు. 1909లో షాంబర్గు అను జర్మను రసాయనవేత్త తిరువాన్కూరు తీరపు ఇసుకలో థోరియము గల ఖనిజమును గుర్తించెను. మన పెండ్లి ఊరేగింపులలో వెలిగిన దీపమునకు మూలద్రవ్యము మన సముద్రతీరముననే యుండెనని తెలిసికొనుట ఆనందకరము కాదా?

తెలుగుదేశములో మకాము దీపముపై ఆధారపడి బ్రదికిన మహాకుటుంబము సురభి నాటకసమాజము. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున పుట్టిన ఆ కళాకారులు రంగస్థలమును, తెరలను, వంటపాత్రలను బండ్ల కెత్తుకొని ఊరూర తిరిగిరి. గుడారములోనే నివాసము, గుడారములోనే నాటకము. మొదట గ్యాసులైట్ల వెలుగులోను, అటుపై విద్యుద్దీపముల వెలుగులోను వారు మాయాబజారు వింతలను చూపిరి. ఒక్క దీపము ఆరినచో ఘటోత్కచుని మాయ అంతయు బయటపడును. గ్యాసులైటుతో బ్రదుకువారికి అడుగడుగున పరీక్షయే. గాలికొట్టు పంపులో తోలు వాషరు ఎండినదా? సూది రంధ్రము పూడినదా? మాంటిలు చినిగినదా? ఈ మూడు ప్రశ్నల వరుస తెలియనివాడు వేయిమంది ప్రేక్షకులను చీకటిలో కూర్చుండబెట్టును.

ఇక విద్యుత్తు. 1800లో వోల్టా తొలి బ్యాటరీని ప్రకటించెను. 1879లో ఎడిసను చిరకాలము వెలుగు బల్బును చూపెను. మన కొత్తగూడెము సీమలో చేతితో మోయు విద్యుద్దీపమును నిత్యవ్రతముగ పాటించువారు బొగ్గుగని కార్మికులు. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము సాగెను. గనిలోనికి దిగువాని తలపై దీపము, నడుమున బ్యాటరీ, రెంటిని కలుపు తీగ వీపుమీద. షిఫ్టు ముగిసినపిదప దీపములను ల్యాంపురూములో అప్పగింపవలెను. అచ్చట వాటికి ఛార్జి నింపి, పరీక్షించి, మరల చేతికిత్తురు. వెలుగుచున్నది కదాయని పరీక్ష మానరు. భూమిలోపల దీపము ఆరినపిదప వెదకుట కాదు, దిగకముందే వెదకుట వారి ధర్మము.

ఇట్లు గనిలో నడుమునకు కట్టిన బ్యాటరీ, బాటపై వాహనమునకు కట్టబడినది. 1912 నాటి కాడిలాక్ కారులో విద్యుత్తుతో యంత్రమును కదలించు సాధనమును, విద్యుద్దీపములును చేరినవి. అమెరికాలో కార్లు విరివియైన ఆ దినములలోనే, కారు వెనుక తగిలించుకొని పోవు మడత గుడారపు బండ్లును పుట్టినవి. వాటిని వారు పాప్-అప్ క్యాంపరు అందురు. మన గూడుబండికి అది దూరపు చుట్టము. రెండు చక్రములపై తక్కువ యెత్తుగల పెట్టె. మకాము చేరగనే పిడి త్రిప్పిన కప్పు పైకి లేచును. ఇరువైపుల పడకలు బయటికి జరుగును. చుట్టు గుడ్డగోడలు నిలుచును. లోపల 12 వోల్టుల దీపములు. అమెరికాలోని మన తెలుగు కుటుంబములును సెలవు దినములలో ఇట్టి బండ్లతో అడవులకు పోయి మకాము చేయుచున్నవి.

టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు ఒక సాయంకాలము అట్టి మకామునుండి నాకు ఫోను చేసెను. "పంతులుగారూ, గుడారములో దీపములు ఆరినవి. పిల్లలు భయపడుచున్నారు. క్రొత్త బ్యాటరీ కొనవలెనేమో" అనెను.

"నాయనా, అన్ని దీపములునా, కొన్నియా?" అని యడిగితిని.

చూచి వచ్చి, "కప్పునకు అమర్చిన రెండును ఆరినవి; పొయ్యి ప్రక్కది వెలుగుచున్నది" అనెను.

"అయినచో బ్యాటరీ నిర్దోషి. ఆ రెంటికిని సొంతమైన త్రోవ ఏది?"

"కప్పుతోపాటు పైకిలేచు తీగ."

"స్విచ్చి వేసియుంచి, కప్పును మెల్లగా దింపి చూడుము."

కప్పు సగమునకు దిగినపుడు దీపములు తటాలున వెలిగి మరల ఆరినవి. తీగ మడతపడు చోట, పై తొడుగు చెక్కుచెదరకున్నను, లోని రాగిపోగులు తెగియుండెను. బ్యాటరీ విప్పి, ఆ తెగిన భాగము తీసివేసి, వదులుగా ఊగునట్టి క్రొత్త తీగముక్క అతికి, అతుకును కప్పినంతనే వెలుగు నిలిచెను. బ్యాటరీ వెల మిగిలెను. నేనా దేశము చూచినవాడను కాను. ఆ బండిని తాకినవాడనును కాను. మూడు ప్రశ్నలు మాత్రము అడిగితిని.

ఈ ప్రశ్నలు మన తర్కశాస్త్రమునకు క్రొత్తవి కావు. ఒకటి యున్నపుడు రెండవది యుండుట అన్వయము. ఒకటి లేనపుడు రెండవది లేకుండుట వ్యతిరేకము. దీపము వెలుగలేదు గనుక బల్బు పోయినదనుట సవ్యభిచార హేతువు. ఏలన మంచి బల్బును వెలుగకుండుటకు పది కారణము లున్నవి. అనుమానమున్న బల్బును వెలుగుచున్న హోల్డరులో పెట్టుడు. మంచి బల్బును ఆరిన హోల్డరులో పెట్టుడు. ఈ రెండు పరీక్షలచేత దోషము బల్బునదో త్రోవదో నిర్ణయమగును.

అన్నియు ఆరినచో మూలమునుండి బయలుదేరవలెను. మల్టీమీటరు అను చిన్న కొలత పెట్టె యిప్పుడు సులభముగ దొరకును. నిండిన సీసపు బ్యాటరీ పనిలేక విశ్రమించియున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో అది దాదాపు ఖాళీ. బ్యాటరీ సరియైనచో ఫ్యూజునకు పోవలెను. దాని ఇరు కొనలయందును కొలువవలెను. ఒక కొన వోల్టులు చూపి రెండవది చూపనిచో అది తెగినది. ఆ పిదప స్విచ్చి, హోల్డరు. అన్నిటికంటె మరువబడునది తిరుగుదారి. ఇట్టి బండ్లలో విద్యుత్తు దీపమునకు తీగవెంట పోయి, తరచుగా బండి ఇనుపచట్రము వెంట తిరిగివచ్చును. ఆ చట్రమునకు తీగ బిగించిన చోట తుప్పు పట్టినచో దీపములు మసకబారును. ఒకటి వేసిన మరియొకటి వింతగా మిణుకుమనును. పోవుదారియందే దోషము వెదకి, వచ్చుదారిని మరచువారే పెక్కురు.

చిన్న తుప్పు ఇంత చేయునా యందురేమో. 1827లో జర్మను పండితుడు ఓము ప్రకటించిన సూత్రముతో లెక్కింపుడు. 12 వోల్టులపై 24 వాట్ల దీపమునకు 2 ఆంపియర్ల ప్రవాహము కావలెను. చిలుము పట్టిన ఒక అతుకు 1 ఓము అడ్డు కలిగించినచో దీపమునకు సుమారు 10.3 వోల్టులే చేరును. వెలుగు కండ్లకు తెలియునంత తగ్గును. అదే 24 వాట్ల దీపము ఇంటిలో 230 వోల్టులపై వెలుగునపుడు ఆ అతుకు వోల్టులో పదవవంతు మాత్రమే తినును. కావుననే ఇంటి దీపము క్షమించు దోషమును మకాము దీపము క్షమింపదు. నేటి ఎల్.ఇ.డి. దీపములకు తక్కువ ప్రవాహము చాలును గనుక వాటికీ బాధ కొంత తక్కువ, లేకపోలేదు.

చికిత్సలో కొన్ని నియమములు కలవు. చేతి ఉంగరమును తీసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పిన పిదపనే పనికి దిగవలెను. ఛార్జి నిండునపుడు బ్యాటరీ మండెడు వాయువును విడుచును. దాని చెంత చుట్ట వెలిగింపరాదు. ధ్రువములపై తెల్లని పొడి పేరుకొన్నచో వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, పలుచగ వేసెలిను రాయవలెను. పిన్నులపైని పచ్చని చిలుమును గరుకు కాగితముతో తీయవలెను. బయటి కరెంటును 12 వోల్టులకు మార్చు పెట్టెయందు మాత్రము చేయి పెట్టరాదు. అది నేర్చిన ఎలక్ట్రీషియను పని.

అన్నిటికంటె గట్టిగ చెప్పవలసినది ఫ్యూజును గురించి. అది తెగుట దోషము కాదు, దోషమున్నదని చెప్పుట. ఒకచోట తీగ ఒరిసికొని హద్దుమీరిన ప్రవాహము పారగా, తాను తెగి గుడారమును కాపాడినది. దానిచోట లావు తీగముక్కయో, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితమో చుట్టువాడు కావలివాని నోరు నొక్కి దొంగకు తలుపు తీసినవాడగును. అపుడు వేడెక్కునది ఫ్యూజు కాదు, గుడ్డగోడ ప్రక్కన నిదురించు బిడ్డల తలాపునగల తీగ. తెగిన ఫ్యూజునకు అదే పరిమాణముగల ఫ్యూజునే వేయవలెను. అదియు తెగినచో దీపము లేకుండ ఆ రాత్రి గడుపవలెను గాని, బలిమితో వెలిగింపరాదు.

పెద్దలారా, మడత గుడారపు బండ్లు మన యూరిలో లేవు కదా, ఈ విద్య మనకేలయని తలంపవలదు. 1966లో పాల్వంచ చెంత థర్మల్ విద్యుత్కేంద్రము పని ప్రారంభించిన నాటినుండి మన యిండ్లలో బల్బులు పెరిగినవి; లాంతరు అటకెక్కినది. దానితోపాటు సంధ్యవేళ దీపమును పరీక్షించు అలవాటును అటకెక్కినది. కాని ఎడ్లబండి చోటికి ట్రాక్టరు ట్రాలీ వచ్చినది. జాతరకును, తిరునాళ్లకును, పత్తిచేలకును మన ఆడువారు, పిల్లలు దానిలోనే పోవుచున్నారు. చీకటి పడిన పిదప అడవిబాటన తిరిగివచ్చుచున్నారు. ఆ ట్రాలీ వెనుకటి యెర్రదీపము ఎన్నిటికి వెలుగుచున్నది? ఇరుసు క్రింది లాంతరు చేసిన మూడవ మేలు, వెనుక వచ్చువానికి ఉనికి తెలుపుట, నేడు ఆ చిన్న దీపముపై నున్నది. వెనుకనుండి వేగముగ వచ్చు లారీవానికి అది కనబడనిచో జరుగు ఘోరమును మీరెరుగుదురు.

ఆ దీపమును ఆర్పునది ఏమి? పెక్కుసారులు ట్రాక్టరునకును ట్రాలీకిని నడుమ నున్న పిన్నుల ప్లగ్గులోని చిలుము. లేదా చట్రముపైని తుప్పు. లేదా మలుపులలో వంగి వంగి తెగిన తీగ. కలిసెడు చోటు, వంగెడు చోటు! అమెరికా గుడారమున కనబడిన రోగమే ఇది. చికిత్సకు గరుకు కాగితపు ముక్కయు, పావుగంట ఓపికయు చాలును.

కావున మీకొక విన్నపము. మీ యింటి యువకుడు ట్రాక్టరు తీయబోవునపుడు, "అబ్బాయీ, వెనుక దీపము చూచితివా?" అని యడుగుడు. వెలుగుట లేదన్నచో, "అన్నియునా, ఒకటియా?" అని యడుగుడు. అటుపై ప్లగ్గు, తీగ, చట్రము, బల్బు అని వరుస చెప్పుడు. మీకు విద్యుచ్ఛాస్త్రము రాకపోవచ్చును. చమురు, వత్తి, రంధ్రము, గాజు అను వరుస వచ్చును గదా! అదియే ఇది. వాకిట అడిగిన ఆ యొక్క ప్రశ్న, అడవిబాటలో మన బిడ్డలకు కావలి కాయును.

సెలవు.